కొండే గోడ, కొండే కట్ట

నెల్లూరు జిల్లా పేరు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేవి మొలగొలుకుల బియ్యం, చేపల పులుసు, ఈమధ్య అయితే రొయ్యల చెరువులు. జిల్లా పడమటి సగానికి ఈ మూడింటితోనూ పెద్దగా సంబంధం లేదు. ముంబయి రోడ్డు పట్టుకుని బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాటి ఆత్మకూరు చేరేలోపే డెల్టా ఛాయలు వెనకబడతాయి. ఆత్మకూరు నుంచి వాయవ్యంగా పోయేకొద్దీ నేల ఎర్రబడుతుంది, గులక తేలుతుంది. వరి మడుల చోట పొగాకు, శనగ, సజ్జ, మినుము కనిపిస్తాయి. బోరు పడ్డ పుణ్యాత్ములకు నిమ్మ, బత్తాయి. కలిగిరిలో, డి.సి.పల్లిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయంటే ఇది మెట్ట సీమని వేరే చెప్పక్కర్లేదు. ఆ మెట్ట చివర, వెలికొండల ముందు, ఉదయగిరి దుర్గం నిట్టనిలువుగా లేచి ఉంటుంది. శిఖరం ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు, దాదాపు 940 మీటర్లు.

ఉదయగిరి గురించి రాసేవాళ్లు చాలామంది యుద్ధంతో మొదలుపెట్టి యుద్ధంతోనే ముగిస్తారు. శ్రీకృష్ణదేవరాయలు, గజపతులు, ఏడాదిన్నర ముట్టడి. ఆ కథ మనమూ చెప్పుకుందాం. అయితే ఈ కొండ శత్రువుకు అడ్డంగా నిలిచిన రోజులకంటే వాన నీటికి అడ్డంగా నిలిచిన రోజులే ఎక్కువ. దాని అసలు చరిత్ర అక్కడుందని నా అభిప్రాయం.

ముందు రాయి సంగతి చూద్దాం. ఉదయగిరికి పడమట, వెలికొండలతోనే, కడప శిలల సీమ మొదలవుతుంది. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట అక్కడ నేల కుంగి, లోతు తక్కువ సముద్రం ఏర్పడి, ఇసుకా బురదా సున్నమూ పొరలు పొరలుగా పేరుకోవడం మొదలైంది. ఇప్పుడు ఆ శిలలు నెలవంక ఆకారంలో 44,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉన్నాయి. పడమటి అంచున, తాడిపత్రి వైపు, పొరలు దాదాపు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. తూర్పు అంచున అలా లేవు. అక్కడ భూమి పైపొరల్లో వచ్చిన ఒత్తిడికి మడతలు పడ్డాయి, విరిగాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. ఆ మడతల్లో మిగిలిన గట్టి అంచులే మన నల్లమలలు, వెలికొండలు.

ఇసుక పొర ఒత్తిడికీ వేడికీ క్వార్ట్‌జైట్ అవుతుంది. రేణువుకు రేణువు అతుక్కుపోయి, సుత్తితో కొడితే రేణువుల మధ్య కాకుండా రేణువుల్లోంచే పగిలేంత గట్టి రాయి అది. బురద పొర పలకరాయిగా మారుతుంది. అది గోటితో గీకినా రాలేంత మెత్తగా ఉండొచ్చు. లక్షల ఏళ్ల వానలకు మెత్తనిది కరిగిపోతుంది, గట్టిది నిలుస్తుంది. కింద మెత్తని పొర తొలిగినప్పుడల్లా పైనున్న గట్టి రాయి నిలువునా విరిగి పడుతుంది. ఈ సీమ కొండలకు వాలు తక్కువ, కోసేసినట్టుండే చరియలు ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఉదయగిరి దుర్గానికి కొన్ని వైపుల వెయ్యి అడుగులకు దగ్గరగా నిలువు చరియలున్నాయి. కోట కట్టినవాళ్ల పని సగం అప్పటికే అయిపోయి ఉంది.

కొండకు తూర్పున రాళ్లు వేరు. సముద్రం దిక్కుగా పరుచుకున్న ఆ శిలల పట్టీని భూగర్భ శాస్త్రవేత్తలు నెల్లూరు షిస్టు పట్టీ అంటారు. అందులో కింది భాగం చాలావరకు పాత లావా రూపు మారినది. దానికి వింజమూరు వర్గమని పేరు. పై భాగం ఎక్కువగా పాత ఇసుకా బురదా రూపు మారినది. అది ఉదయగిరి వర్గం. మన తాలూకా ఊళ్ల పేర్లు భూగర్భ శాస్త్రపు పాఠ్యగ్రంథాల్లోకి అలా ఎక్కాయి. ఈ పట్టీ మొత్తం పడమటికి జరిగి కడప శిలల అంచు మీదికి ఎక్కింది. ఆ ఎక్కిన గీత వెలికొండల తూర్పు పాదం వెంట సాగుతుంది. విలియం కింగ్ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త 1872లో కడప, కర్నూలు శిలల మీద, 1880లో నెల్లూరు ప్రాంతపు శిలల మీద పెద్ద నివేదికలు రాశాడు. వాటిని దాటకుండా ఈ సీమ రాళ్ల మీద ఇప్పటికీ ఎవరూ పనిచెయ్యలేరు. ఈ పట్టీలో దొరికే మైకా సంగతి అందరికీ తెలిసిందే. గూడూరుకు పేరొచ్చినా, రాపూరు, ఆత్మకూరు వైపూ అదే పట్టీ ఉంది.

ఇక వాన. ఇక్కడ వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. సముద్రం మీంచి వచ్చే మేఘం కోస్తాలో చాలావరకు ఖాళీ అయి, పడమటికి వచ్చేసరికి పలచబడుతుంది. నైరుతి వానలు పడమటి కనుమల దగ్గరే తమ వంతు కురిసి ఇక్కడికి నీరసంగా చేరతాయి. ఏడాది వాన మొత్తంలో పెద్ద వాటా నాలుగైదు పెద్ద వానల్లోనే దిగిపోతుంది. ఆ నాలుగు రోజులు పట్టుకున్నవాడికి ఏడాది గడుస్తుంది. పట్టుకోలేనివాడి నీళ్లు వాగుల్లో పడి సముద్రానికి పోతాయి.

వాననీళ్లు పట్టుకునే మాట వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక దూరదేశపు ఊరి సంగతి చెప్పాలి. ఉత్తర సముద్రంలో, జర్మనీ తీరానికి కాస్త ఎడంగా, హూగె అనే చిన్న దీవి ఉంది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు లోపే, జనం అటూ ఇటుగా వందమంది. అయినా దానికి సొంత పంచాయతీ ఉంది, సొంత మేయరున్నాడు. దీవి అంతా చదునైన పచ్చిక. ఏటా కొన్నిసార్లు తుపాను పోటుకు నేల మొత్తం మునుగుతుంది. అందుకని వందల ఏళ్ల కిందటే జనం మట్టి దిబ్బలు పోసుకుని ఇళ్లన్నీ వాటి మీదే కట్టుకున్నారు. సముద్రం ఎక్కుతోందంటే పశువుల్ని దిబ్బ మీదికి తోలుకొచ్చి, నీరు తీసేదాకా పైనే ఉంటారు. ఇంత నీటి మధ్య వాళ్లకు తరతరాలుగా ఉన్న ఇబ్బంది తాగునీరు. నేల తవ్వితే ఉప్పునీళ్లే పడతాయి. అందుకే దిబ్బ నడిమధ్య ఒక గుంట తవ్వి, ఇళ్ల కప్పుల మీంచి, దిబ్బ వాలు మీంచి వాననీళ్లు అందులోకి చేరేలా చేసుకున్నారు. ప్రధాన భూభాగం నుంచి గొట్టాల్లో నీళ్లు వచ్చింది ఇరవయ్యో శతాబ్ది రెండో సగంలోనే. 1825 ఫిబ్రవరి ఉప్పెనలో దిబ్బలు సైతం మునిగాయి. ఇళ్లు కూలడం ఒక ఎత్తయితే, మంచినీటి గుంటల్లోకి ఉప్పునీరు చేరడం ఇంకో ఎత్తు. అప్పట్లో ఆ దీవి డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉండేది. ఆ ఏడాదే ఆరవ ఫ్రెడరిక్ రాజు నష్టం చూడటానికి వచ్చి, ఒక రాత్రి అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. ఆయన పడుకున్న గదిని ఇప్పటికీ సందర్శకులకు చూపిస్తారు.

ఆ దిబ్బకూ ఉదయగిరి దుర్గానికీ ఎత్తులో పోలికే లేదు. బతుకు సూత్రం మాత్రం ఒకటే. ముట్టడి పడ్డ నాడు కొండ మీది మనిషికి కింది నేలతో సంబంధం తెగిపోతుంది. వాగు కిందే ఉండిపోతుంది, బావి కిందే ఉండిపోతుంది. పైన పడ్డ వాన, దాన్ని నిలిపిన గుంట, అంతే.

ఇప్పుడు ముట్టడి కథ. ఉదయగిరి విజయనగర రాజ్యానికి మొదటినుంచీ కీలకమైన రాజ్యభాగం. హరిహర బుక్కల సోదరుడు కంపరాయలు ఇక్కణ్ణుంచే తూర్పు సీమను ఏలాడు. ఆయన కొడుకు రెండో సంగముడు 1356లో వేయించిన బిట్రగుంట శాసనం ఈ ఏలుబడికి గట్టి సాక్ష్యం. పదిహేనో శతాబ్ది రెండో సగంలో కోట ఒడిశా గజపతుల చేతికి పోయింది. అదే కాలంలో ఇక్కడి పాలకుడు బసవరాజు మంత్రి గంగయ, నంది మల్లయ, ఘంట సింగయ అనే జంట కవుల ప్రబోధచంద్రోదయాన్ని అంకితం తీసుకున్నాడు. కత్తులే కాదు, కావ్యాలూ ఈ కొండ నీడనే తయారయ్యాయి. ఇంపీరియల్ గెజెటీరు లెక్క ప్రకారం ఇక్కడి కోటలు మొత్తం పదమూడు: ఎనిమిది కొండ మీద, అయిదు కింద.

రాయలు 1513లో వచ్చి విడిదిచేశాడు. కోట 1514 జూన్‌లో లొంగింది. ఇరవయ్యేళ్ల తర్వాత విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ ఈ ముట్టడి గురించి తాను విన్నది రాసి పెట్టాడు. కోటకు ఒకటే దారి ఉందట, అదీ మనిషి వెనక మనిషి నడవాల్సినంత ఇరుకట. లోపల పది వేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలు. తిండి అయిపోతే తప్ప కోట చిక్కదు కాబట్టి అంతకంటే సైన్యం అక్కర్లేదట. రాయలు బండలు పగలగొట్టించి, గుట్టల్ని తొలిపించి, కోట బురుజుల దాకా కొత్త దారులు వేయించాడట.

తిండి అయిపోతే తప్ప అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. నీళ్లు అయిపోతే అని ఎందుకు అనలేదు? వేసవిలో రాళ్లు పేలే సీమలో ముందుగా అయిపోవాల్సింది నీళ్లే కదా?

లెక్క వేసి చూద్దాం. మనిషికి తాగడానికీ వండుకోడానికీ రోజుకు అయిదు లీటర్లు అనుకుంటే పది వేలమందికి 50,000 లీటర్లు. గుర్రానికి 30 లీటర్ల చొప్పున నాలుగు వందలకు 12,000. రోజుకు మొత్తం 62,000 లీటర్లు. ఏడాదిన్నరంటే 540 రోజులు, కావలసింది దాదాపు మూడు కోట్ల ముప్పై అయిదు లక్షల లీటర్లు. వినడానికి భయంగానే ఉంది. ఇక వాన వైపు చూడండి. ఒక హెక్టారు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే పది వేల లీటర్లు. ఒక వాయుగుండంలో 100 మిల్లీమీటర్లు కురవడం ఇక్కడ వింతేం కాదు. రాతి నేల కాబట్టి ఇంకేది తక్కువ, పారేది ఎక్కువ. సగమే చిక్కిందనుకున్నా హెక్టారుకు అయిదు లక్షల లీటర్లు. ఆ లెక్కన 67 హెక్టార్ల రాతి వాలు, అంటే 165 ఎకరాలు, ఒక్క వాయుగుండంలో ఏడాదిన్నరకు సరిపడా నీళ్లిస్తుంది. ఉదయగిరి కొండకు అలాంటి వాలు కొరత లేదు.

చిక్కల్లా దాచుకోవడంలోనే. ఈ ఎండకు బయలునున్న నీటి మీంచి ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల మందం ఆవిరైపోతుంది. వెడల్పాటి లోతులేని మడుగు వేసవి చూడదు. ఇరుకుగా, లోతుగా, నీడలో ఉన్న రాతి చీలిక చూస్తుంది. క్వార్ట్‌జైట్ పగుళ్లు ఇక్కడ రెండు విధాల పనికొస్తాయి. పెద్ద పగులు తానే గుంట అవుతుంది. చిన్న పగుళ్లు వాననీళ్లు పీల్చుకుని, కింద నీరు దిగనివ్వని పలకరాతి పొర తగిలిన చోట నెలల తరబడి ఊటగా వదులుతాయి. కొండ కోటలు కట్టినవాళ్లు ఎక్కడైనా ముందు వెతికేది ఈ ఊటల్నే.

ధాన్యం సంగతి వేరు. మనిషికి రోజుకు 600 గ్రాములనుకున్నా పది వేలమందికి రోజుకు ఆరు టన్నులు, 540 రోజులకు 3,240 టన్నులు. గుర్రాల ఉలవలు, గడ్డి దీనికి అదనం. ఇదంతా మనిషి వెనక మనిషి నడిచే దారిలో ముందే పైకి మోసి పెట్టుకోవాలి. నీళ్లు ఏటా ఆకాశం నుంచి వస్తాయి, ధాన్యం రాదు. అందుకే ఏడాదిన్నర పట్టింది, అందుకే చివరికి లొంగింది. నూనిజ్ అంకెల్ని నమ్మాలా అని అడగొచ్చు. ఆనాటి రాతగాళ్లకు సైన్యాల లెక్క పెంచే అలవాటు ఉన్న మాట నిజమే. సగానికి కోసినా వాదన మారదు, నీళ్లూ తిండీ రెండూ సగమవుతాయి.

కోట చిక్కాక రాయలు ప్రతాపరుద్ర గజపతి బంధువు తిరుమల రౌతరాయను బందీగా పట్టుకున్నాడు. జూలై మొదటి వారంలో దేవేరులతో తిరుమల కొండకు వెళ్లి మొక్కు చెల్లించాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, దానికోసం కొత్త గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. ఆ గుడి హంపిలో ఉంది, విగ్రహం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఉదయగిరిలో మిగిలింది ఖాళీ కృష్ణ మందిరం. రాయసం కొండమరుసయ్యను ఉదయగిరి సీమకు అధికారిగా పెట్టి రాయలు కొండవీడు మీదికి సాగాడు.

ఆ తర్వాతి కథను త్వరగా దాటేస్తాను. పదిహేడో శతాబ్దిలో గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా కాలానికి కోట ఆయన మనుషుల చేతిలో ఉంది. కొండ మీద మసీదు కట్టించింది, తోట వేయించింది షేక్ హుసేన్ అని అక్కడి పారశీక శాసనాలు చెబుతున్నాయి. నాకు ఆ రెండో మాట ముఖ్యం. మసీదుకు కావలసిన నీళ్లు నమాజుకు ముందు చేసే శుద్ధికి, అంటే వజూకు, సరిపడా ఉంటే చాలు, తోటకు రోజూ నీళ్లు పెట్టాలి. అంత ఎత్తున తోట వేసే ధైర్యం చేశారంటే పైన నీటికి కరువు లేదన్నమాట. తర్వాత ఉదయగిరి జాగీరైంది. 1839లో జాగీరుదారు మీద రాజద్రోహపు కుట్ర నేరం మోపి కుంఫిణీవాళ్లు ఆయన్ను చెంగల్పట్టుకు పంపేశారు. కర్నూలు నవాబు రాజ్యం పోయిందీ ఆ ఏడాదే. కోటతో పని తీరాక ఉదయగిరి తాలూకా కచేరీ ఊరుగా మిగిలింది. కింది పేటలో చెక్క నగిషీ పనివాళ్లు నర్ది, బిక్కి, దేవదారి వంటి అడవి కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతూనే ఉన్నారు. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పిడి చివర దువ్వెన పళ్లలాగా తీసే సన్నని చెక్కుడు పనిని చూసి తీరాలి.

నేను చెప్పదలచిన అసలు సంగతి ముట్టడికి 144 ఏళ్ల ముందు, కొండకు అవతలి వైపు జరిగింది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడు అని మరో పేరు, ఉదయగిరిలో ఉండి ఈ సీమను పాలించాడు. కడప జిల్లా పోరుమామిళ్లలో ఆయన ఒక పెద్ద చెరువు కట్టించి, శక సంవత్సరం 1291లో, అంటే 1369లో, భైరవుడి గుడి ముందు రెండు బండల మీద శాసనం వేయించాడు. చెరువు పేరు అనంతరాజసాగరం. (ఆత్మకూరు పక్కనున్న అనంతసాగరం వేరు, దీనితో కలపకండి.) శాసనాలు మామూలుగా రాజుల్ని పొగుడుతాయి, దానాలు చెబుతాయి. ఇదీ ఆ పని చేస్తుంది గానీ, మధ్యలో మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, తప్పించాల్సిన ఆరు దోషాలేమిటో వరసగా చెబుతుంది. ఆనకట్ట స్థలం ఎంపిక మీద మన సీమలో రాతిమీద దొరికిన పాఠం ఇది.

మొదటి అంగం డబ్బూ కీర్తికాంక్షా ఉన్న ధర్మపరుడైన రాజు. నవ్వుకోకండి, ఏ నీటిపారుదల ఇంజనీరును అడిగినా ముందు నిధుల సంగతే చెబుతాడు. రెండోది జలశాస్త్రం తెలిసిన పండితుడు. ఆపైన గట్టి బంకమట్టి నేల ఉండాలి. పుట్టిన చోటినుంచి మూడు యోజనాలు పారివచ్చిన తియ్యటి నీటి ఏరుండాలి. నీరు పోగుపడటానికి తగినంత పరీవాహకం ఉందా అని ఈనాడు అడిగే ప్రశ్నే ఇది. చెరువును తాకుతూ కొండ ఉండాలి, ఆ కొండ భాగాల మధ్య మరీ పొడుగు కాని, గట్టి రాతి కట్ట ఉండాలి. కట్ట రెండు కొసల బయట పంటనేల ఉండకూడదు. గర్భం విశాలంగా, లోతుగా ఉండాలి. తిన్నని పొడవైన రాళ్లు దొరికే గని దగ్గర్లో ఉండాలి. ఆయకట్టు చదునుగా, సారవంతంగా ఉండాలి. బలమైన సుడితో నీళ్లు వదిలే తూములుండాలి. చివరగా, పని తెలిసిన జట్టు ఉండాలి.

దోషాలు ఇంకా సూటిగా ఉన్నాయి. కట్టలోంచి నీరు కారడం. చవుడు నేల. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం. గర్భం మధ్య తాబేలు వీపులాగా నేల ఉబికి ఉండటం. నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం. నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం.

కట్ట కారడాన్ని మొదట పెట్టడంలో అనుభవం కనిపిస్తోంది. మట్టికట్టను కూల్చేది పైనుంచి పొర్లే నీళ్లే అనుకుంటాం. లోపలినుంచి ఊరే నీళ్లూ అంతే ప్రమాదం. ఒక సన్నని దారి దొరికితే నీరు రేణువు తరవాత రేణువును లాక్కుపోతుంది. దారి పెద్దదయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. బయటి వాలున బురద నీళ్లు కనిపించాయంటే గండికి గంటలే వ్యవధి. తేట నీళ్లు ఊరుతుంటే కాపుకాయొచ్చు, మడ్డి నీళ్లయితే ఇసుక బస్తాలకు పరుగెత్తాలి. చెరువు కింద పుట్టి పెరిగిన రైతుకు ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. సరిహద్దు దోషమైతే ఈరోజు పేపర్లో వార్త.

పోరుమామిళ్ల చెరువు పనిలో వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల కాలం అని శాసనమే చెబుతోంది. ఇంత తక్కువలో అంత పెద్ద చెరువు ఎలా అయింది? అక్కడ నాలుగు గుట్టల్ని మూడు మట్టికట్టలతో కలిపారు. మొత్తం గట్టు 14,000 అడుగుల దాకా ఉంటే, మనిషి పోసిన కట్ట 4,500 అడుగులే. తక్కిన గోడ కోట్ల ఏళ్ల కిందట వచ్చిన మడతలదే. ఉదయగిరి కోటకు చరియ ఎలా ప్రాకారమైందో ఇక్కడ గుట్ట అలా కట్టయింది. ఆ తెలివి ఉదయగిరి మీద కూర్చుని ఏలినవాడికి తట్టడం నాకేమీ ఆశ్చర్యంగా లేదు. రోజూ కళ్లెదుట ఉన్నది కొండే కదా.

ఈ సూత్రాన్ని పట్టుకుని సోమశిలకు రండి. నందికొండల్లో పుట్టిన పెన్న 597 కిలోమీటర్ల ప్రయాణంలో వెలికొండల్ని కోసుకుని తూర్పు మైదానంలోకి దిగే చోటు అది. కొండ అడ్డం ఉంటే ఏరు పక్కకు తిరగాలి గానీ ఎలా కోసింది? ఒకప్పుడు ఏరు ఇప్పటికంటే చాలా ఎత్తున, కొండల్ని కప్పిన నేల మీద పారేది. నేల కరుగుతూ కిందికి దిగేకొద్దీ ఏరూ తన దారిలోనే కిందికి కోస్తూ దిగింది. రాయి తేలే నాటికి గాడి పడిపోయింది. అలాంటి సందు జలాశయం వెతికేవాడికి వరం. సోమశిల నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు, అంటే 220 కోట్ల ఘనపు మీటర్లు. పరీవాహకం, కొండ, చిన్న సందు, కింద చదునైన డెల్టా ఆయకట్టు, అన్నీ శాసనం అడిగినవే. తెలుగుగంగలో భాగంగా కృష్ణా నీళ్లు ఇక్కణ్ణుంచి కండలేరుకు, అక్కణ్ణుంచి చెన్నైకి పోతాయి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం తెగినప్పుడు ఆ వరద సోమశిల గేట్ల మీదుగానే దిగింది. కింద కోవూరు, పడుగుపాడు దగ్గర రోడ్డూ రైలు కట్టా తెగాయి.

సోమశిల నిండినా ఉదయగిరికి నీళ్లు వాటంతట అవి రావు. జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టానికి 100 మీటర్ల పైచిలుకే, ఉదయగిరి ఊరు అంతకంటే ఎత్తున ఉంది. ఆత్మకూరు, ఉదయగిరి మెట్టల కోసం నీటిని పైకి తోడే హైలెవల్ లిఫ్ట్ కాలువ పథకం అందుకే పుట్టింది. తోడటానికి కరెంటు కావాలి, కరెంటుకు డబ్బు కావాలి. పన్నెండు అంగాల్లో మొదటిది మళ్లీ ముందుకొస్తుంది.

ఈలోగా మెట్ట పల్లెలు బోర్ల మీదే బతుకుతున్నాయి. షిస్టులు, నీసులు, గ్రానైట్లు ఇసుకలాగా నీళ్లు దాచవు. పైన కుళ్లిన రాతి పొరలోనూ, లోపలి పగుళ్లలోనూ ఉన్నంతే. బోరు లోతు పెరిగేకొద్దీ రాతిలో ఎన్నో ఏళ్లు నానిన నీళ్లు తగులుతాయి. మైకా వంటి ఖనిజాల్లో కొంత ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు ఎంతకాలం రాతిని అంటిపెట్టుకుంటే అంత ఎక్కువ ఊరుతుంది. నీటిలో సోడా గుణం ఎక్కువై కాల్షియం తక్కువైతే మరీను. ఉదయగిరి, వరికుంటపాడు వైపు పల్లెలకు ఈ బాధ పాతదే. మన దేశపు తాగునీటి ప్రమాణం లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్, వేరే దారి లేనిచోట ఒకటిన్నర దాకా. చెరువు కట్ట కింది బావుల్లో నీళ్లు సాధారణంగా ఇంతకంటే తేలిగ్గా ఉంటాయి. కొత్త వాననీళ్లు ఇంకి పాత నీళ్లను పలచన చేస్తాయి కాబట్టి. చెరువు నిండిన ఏడాది కట్ట కింది బావి తియ్యనవుతుందని పెద్దవాళ్లు చెప్పేది ఊరికే కాదు.

పోరుమామిళ్ల నమూనా ఇంకా పెద్ద ఎత్తున ప్రకాశం వైపు వెలికొండల్లో తయారవుతోంది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కిందుగా రెండు సొరంగాలు, ఒక్కోటీ సుమారు 18.8 కిలోమీటర్లు. వచ్చిన నీటిని నిలపడానికి సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు కనుమ సందుల్ని మూడు కట్టలతో మూశారు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టులోని ఈ నల్లమల సాగర్ సామర్థ్యం 53.85 టీఎంసీలు. ఉదయగిరి మెట్టలో కొంత నేల దాని ఆయకట్టు ప్రణాళికలో ఉంది. అక్కడా మూడు కట్టలే, ఇక్కడా మూడు కట్టలే. తక్కిన గోడ రెండుచోట్లా కొండదే. ఆరున్నర శతాబ్దాల్లో యంత్రాలు మారాయి గానీ, ఈ సీమలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చెప్పేది ఇంకా ఆ మడతలే.

శాసనంలోని దోషాల పట్టికలో ఒకటి లోపించిందని నాకెప్పుడూ అనిపిస్తుంది: పూడిక. బహుశా అది స్థలం ఎంపికకు సంబంధించింది కాదు, ఏటేటా చెయ్యాల్సిన చాకిరీ కాబట్టి వదిలేసి ఉంటారు. ఆ చాకిరీకి వేరే ఏర్పాటు ఉండేది. చెరువు బాగుచేసినవాడికీ, బాగుగా ఉంచేవాడికీ దశబంధం ఇనాము కింద నేల ఇచ్చేవాళ్లు. కట్ట చెడితే ఇనాము పోతుంది. 1858లో మద్రాసులో ఇనాం కమిషన్ ఏర్పడి ఈ మాన్యాలన్నింటినీ పట్టాల లెక్కలోకి తెచ్చాక కట్టకూ మాన్యానికీ ముడి వదులైంది. చిన్న మరమ్మతు ఊరిది, పెద్ద మరమ్మతు సర్కారుదని పంపకం జరిగింది. రెండింటి మధ్యా పడేది కట్టకు అడ్డంగా పెరిగే చిల్లచెట్టు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు ఆ బాధ్యతను తిరిగి రైతుల చేతిలో పెట్టే ప్రయత్నం చేశాయి.

వేసవిలో చెరువు ఎండితే పూడికమట్టిని బండ్లకెత్తి ఎర్రనేలకు తోలుకోవడం ఈ సీమలో పాత అలవాటు. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చాయి. ఆ మట్టి సన్నపు బురద, నీటిని పట్టి ఉంచుతుంది. గులక నేలకు ఎరువుకు ఎరువు, తేమకు తేమ. పూడిక తియ్యని ఊళ్లలో మాత్రం నిల్వ పెంచడానికి మరో దారి తొక్కుతారు. చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే కలుజు మీద రెండు వరసలు రాళ్లు పేర్చి ఇసుక బస్తాలు వేస్తారు. ఒక అడుగు నీళ్లు అదనంగా నిలుస్తాయి. ఆ అడుగుకు పైతట్టు చేలు మునుగుతాయి, కింది చెరువుకు రావాల్సిన కలుజు నీళ్లు ఆగిపోతాయి. నవంబరు వానల్లో రాత్రివేళ ఎవరో ఆ రాళ్లు లాగేస్తారు. తెల్లారేసరికి రెండు ఊళ్ల పెద్దమనుషులు కలుజు దగ్గర చేరతారు.